మొదటి లోడు బంగారం, రెండో లోడు బెల్లం

ఇంటి వెనుక రెండు గదులు వేయడానికి హొస్కోటె దారిలోని ఒక యార్డు నుంచి మట్టి ఇటుకలు రెండు లోడ్లు తెప్పించాను. ఇవి కాల్చిన ఇటుకలు కావు. ఎర్రమన్నులో రాతిపొడి, నూటికి ఏడెనిమిది పాళ్ల సిమెంటు కలిపి, యంత్రంతో అదిమి, నీళ్లు పట్టి తయారు చేస్తారు. బట్టీ లేదు, బొగ్గు లేదు. బెంగళూరుకు ఇది కొత్త కాదు. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం 1974లో మొదలైన ఆస్ట్రా విభాగం ఏళ్ల తరబడి దీని మీద పనిచేసింది.

మొదటి లోడు దిగగానే మా మేస్త్రీ పెదవి విరిచాడు. కదిరి మనిషి. "మట్టిగోడకు ఇంత డబ్బా సార్?" అన్నాడు. నాలుగు వరుసలు లేచాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అంచులు కత్తితో కోసినట్టున్నాయి, కొలతలో తేడా లేదు, ప్లాస్టరింగ్ అవసరమే రాలేదు. బరువు మాత్రం ఎక్కువే. ఒక్కోటి సుమారు 8 కిలోలు. మోసే కూలీలు అదనంగా అడిగారు, ఇచ్చాను.

రెండో లోడు రంగులో అచ్చం మొదటిదే. రాత్రి వానకు గుంటలో నానిన ఒక ఇటుకను పొద్దున బొటనవేలితో నొక్కితే మూల తడి బెల్లంలా ఊడివచ్చింది. అనుమానం వచ్చి నాలుగింటిని రాత్రంతా బకెట్టులో నానబెట్టాను. రెండు చితికిపోయాయి. యార్డుకు వెళ్లి గట్టిగా అడిగితే తేలింది: సరుకు చాలక, అచ్చు తీసిన వారానికే అమ్మేశారు. కనీసం మూడు వారాలు తడిగోనెల కింద ఉండాల్సినవి! మేనేజరు సమాధానం: "ఎండ బాగా కాసింది సార్, గట్టిపడ్డాయి." ఎండకు గట్టిపడటానికి ఇవేమైనా వడియాలా? సిమెంటుకు కావలసింది తడి. ఎండ దాన్నే లాగేస్తుంది.

మూడు వందల ఇటుకలు మాట్లాడకుండా మార్చారు. లారీ బాడుగ మాత్రం నా నెత్తినే పడింది.

ఊళ్లో కట్టాలనుకునేవారికి ఒక మాట. నల్లరేగడి అయితే ఈ పాళ్లు పనికిరావు. ఆ మన్ను తడికి ఉబ్బుతుంది, దానికి సున్నం కావాలి. ఇక్కడి ఎర్రమన్ను అదృష్టం వేరు.

ప్రహరీకి మూడో లోడు అక్కడే చెప్పాను. నా ఇటుకల దొంతర మీద అచ్చు తీసిన తేదీ సుద్దతో రాయించి వచ్చాను. లారీకి ఎత్తే ముందురోజు నేనే వెళ్తాను, బకెట్టుతో సహా.