ఫాక్స్ న్యూసా, వాల్ స్ట్రీట్ జర్నల్ ఎడిటోరియల్ పేజీనా?

ఎలక్షన్ అయ్యాక అమెరికాలో కన్జర్వేటివ్‌లు ఏమనుకుంటున్నారో తెలియాలంటే ఏది ఫాలో అవ్వాలి? ఫాక్స్ టీవీ న్యూస్ ఛానెల్, జర్నల్ బిజినెస్ పేపర్. రెండూ మీడియా వ్యాపారం చేసే మర్డోక్ ఫ్యామిలీ చేతిలోవే, కానీ దారులు వేరు.

ఖర్చు: ఫాక్స్ టీవీకి కేబుల్ లేదా డబ్బులు కట్టే స్ట్రీమింగ్ కావాలి, వెబ్‌సైట్‌లో వార్తలు ఫ్రీ. జర్నల్‌కి సబ్‌స్క్రిప్షన్ కట్టాల్సిందే.

టైమ్: ఫాక్స్ వంట చేస్తూ కూడా వినొచ్చు. జర్నల్ కూర్చుని చదవాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. 2020 ఎలక్షన్ తర్వాత ఓటింగ్ మెషీన్ల మీద అబద్ధపు ఆరోపణలు ప్రసారం చేసిన కేసులో ఫాక్స్ 2023లో ఆ మెషీన్లు తయారుచేసే డొమినియన్ కంపెనీకి సుమారు 78.75 కోట్ల డాలర్లు ఇచ్చి సెటిల్ చేసుకుంది, అందుకే రాత్రిపూట ఒపీనియన్ షోలని న్యూస్ అనుకోకండి ప్లీజ్. జర్నల్ ఎడిటోరియల్స్ ట్యాక్స్ కట్స్‌ని సమర్థిస్తూనే 2025లో ట్రంప్ టారిఫ్‌లని (దిగుమతి సుంకాలని) గట్టిగా విమర్శించాయి, కానీ అది ఫ్రీ ట్రేడ్ వర్గం మాట, రిపబ్లికన్ పార్టీ మొత్తం గొంతు కాదు.

ట్రంప్ ఓటర్ల మూడ్ తెలియాలంటే ఫాక్స్ చూడండి. టారిఫ్‌లు, ఇమిగ్రేషన్ మీద పార్టీ లోపలి గొడవ అర్థం కావాలంటే, ముఖ్యంగా ఇంట్లో ఎవరైనా హెచ్‌-1బీ మీద ఉంటే, జర్నల్‌కే డబ్బులు పెట్టండి.