థింక్‌ప్యాడ్ టీ14 మొదటి తరం: హైదరాబాద్‌లో కొని, జర్మనీలో ఏళ్ల తరబడి వాడాక

ఉద్యోగానికో ఎమ్మెస్‌కో జర్మనీ వెళ్లేవాళ్లు లాప్‌టాప్ మన దగ్గర కొనుక్కెళ్లాలా, అక్కడికి వెళ్లాక కొనుక్కోవాలా అని అడుగుతుంటారు. మన దగ్గరే కొనమంటాను. కాకపోతే వేగం సంగతి తర్వాత చూసుకోండి. పరాయి ఊళ్లో పాడైతే ఎవరు బాగుచేస్తారు, విడిభాగం దొరుకుతుందా అన్నది ముందు తేల్చుకోండి. ఆ లెక్కన ఎంచుకున్నదే లెనోవో థింక్‌ప్యాడ్ టీ14. 2020లో వచ్చిన మొదటి తరం, ఏఎండీ రకం. రైజన్ 5 ప్రో 4650యూ ప్రాసెసర్, 6 కోర్లు, బోర్డుకే అతికించిన 8 జీబీ ర్యామ్, దానికి తోడు ఒక ఖాళీ స్లాట్, 14 అంగుళాల 1920×1080 తెర. బరువు దాదాపు కిలోన్నర. పని ఏమిటంటే కోడింగ్, డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపే సాధనం), బ్రౌజర్‌లో పదుల కొద్దీ ట్యాబులు, రోజూ వీడియో కాల్స్.

కంపెనీయే లాప్‌టాప్ ఇస్తుంది కదా అనుకోవచ్చు. చాలా కంపెనీలు ఇస్తాయి. కానీ అందులో సొంత పని చేసుకోవడానికి ఒప్పందం ఒప్పుకోకపోవచ్చు, ఉద్యోగం మారిన రోజున తిరిగి ఇచ్చేయాలి. వీసా కాగితాలు, పన్ను దాఖలు, ఇంకో చోటికి ఇంటర్వ్యూ, ఇవన్నీ సొంత మెషీన్‌లోనే ఉండాలి.

మన దగ్గర కొనమనడానికి నాకున్న అతి పెద్ద కారణం కీబోర్డు. జర్మనీ దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం అక్కడి అమరికవి. వై, జడ్ మీటలు తారుమారుగా ఉంటాయి. అది వారంలో అలవాటవుతుంది. అలవాటు కానిది బ్రాకెట్ల సంగతి: ఫ్లవర్ బ్రాకెట్లు ఆల్ట్‌జీఆర్ (కుడి పక్క ఆల్ట్ మీట) పట్టుకుని 7, 0 మీద, స్క్వేర్ బ్రాకెట్లు 8, 9 మీద ఉంటాయి. బ్యాక్‌స్లాష్ ఇంకో మూల. రోజంతా కోడ్ రాసేవాళ్ల కుడి బొటనవేలు ఆ మీట మీదే ఉండిపోతుంది. ఇండియాలో అమ్మేవాటిలో మనకు అలవాటైన అమెరికన్ అమరికే ఉంటుంది.

మరి జర్మన్ అక్షరాలు ఎలా? విండోస్ సెట్టింగ్స్‌లో యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్ కీబోర్డు చేర్చుకుంటే ఆల్ట్‌జీఆర్‌తో క్యూ నొక్కితే చుక్కల ఏ, పీ నొక్కితే చుక్కల ఓ, వై నొక్కితే చుక్కల యూ, ఎస్ నొక్కితే ఎస్‌ట్సెట్ (ß) వస్తాయి. దీనికో తలనొప్పి ఉంది. కొటేషన్ మీట నొక్కగానే గుర్తు పడదు, తర్వాతి అక్షరం కోసం ఆగుతుంది. కోడ్ రాసేటప్పుడు ఇది భరించలేం. యూర్‌కీ అనే ఉచిత అమరికలో ఆ గొడవ లేదు, పైగా ఏ, ఓ, యూ మీటల మీదే వాటి చుక్కల అక్షరాలు ఉంటాయి. నా సలహా అదే. తెలుగుకు విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ ఉంది, 2019 నుంచి ఫొనెటిక్ కూడా ఉంది. ఈ మూడింటి మధ్య విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కి మార్చుకోవచ్చు.

ఇక మీటల విషయానికొస్తే, ఇంత వాడాక కూడా లోతు, బిగువు తగ్గలేదు. అక్షరాలు చెరగలేదు, పైపూత మాత్రం నునుపై మెరుస్తోంది. ఎడమ చివర కంట్రోల్ ఉండాల్సిన చోట ఎఫ్‌ఎన్ ఉంటుంది. మెషీన్ మొదలయ్యేటప్పుడు ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందే తెరుచుకునే మెషీన్ సెట్టింగుల్లోకి) వెళ్లి ఆ రెండిటినీ మార్చుకోవచ్చు. పక్కపక్కనే ఉన్నాయి, అలవాటు సులువే. కీబోర్డు పాడైతే దాన్నొక్కదాన్నే మార్చవచ్చు. కొన్ని పలుచటి లాప్‌టాప్‌లలో లాగా పై పలక మొత్తం కొనక్కర్లేదు. జర్మనీలో చేతికందేది అక్కడి అమరిక కీబోర్డు. అమెరికన్ అమరిక కావాలని ముందే చెప్పి ఆర్డరిస్తేనే వస్తుంది.

ర్యామ్ విషయంలో ఒకటే మాట: 8 జీబీతో వదిలేయకండి. ఇందులో గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ లేదు, ఉన్న ర్యామ్‌లోంచే పంచుకుంటుంది. పైగా ర్యామ్‌కు ఉన్న రెండు దారుల్లో (చానెళ్లలో) ఒక్కటే నడుస్తుంటే ఆ గ్రాఫిక్స్ కుంటుతుంది. 8 జీబీ డీడీఆర్4-3200 సోడిమ్ (లాప్‌టాప్ ర్యామ్ ముక్క) ఒకటి స్లాట్‌లో పెడితే 16 అవుతుంది, రెండు చానెళ్లూ పనిచేస్తాయి. డాకర్, వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లు 16 జీబీ ముక్కే పెట్టుకుని 24 చేసుకోండి. అందులో 16 జీబీ వరకు రెండు చానెళ్లలో, మిగతాది ఒక్క చానెల్‌లో నడుస్తుంది. వాడకంలో తేడా తెలియదు.

ర్యామ్ పెట్టే తీరు తెలుసుకోవాలి, ఎందుకంటే బ్యాటరీ లోపలే ఉంటుంది, బయటికి లాగే వీలు లేదు. ముందు బయోస్‌లో కాన్ఫిగ్, పవర్, డిసేబుల్ బిల్టిన్ బ్యాటరీ అన్నది నొక్కాలి. మెషీన్ దానంతటదే ఆరిపోతుంది. చార్జర్ తీసేసి వేడి తగ్గేదాకా ఆగి, అడుగున స్క్రూలు వదులు చేయాలి. అవి మూతకే అంటిపెట్టుకుని ఉంటాయి, ఊడి రావు. బలవంతంగా లాగితే మర చెడుతుంది. మూత అంచును ప్లాస్టిక్ ముక్కతోనే తెరవాలి, స్క్రూడ్రైవర్ మొన పెడితే కొక్కేలు విరుగుతాయి. ర్యామ్ ఏటవాలుగా దూర్చి రెండు పక్కలా క్లిక్‌మనే వరకు కిందికి నొక్కాలి. మూత బిగించాక చార్జర్ పెట్టి ఆన్ చేయాలి, పెట్టకపోతే బ్యాటరీ మేల్కోదు. మొదటిసారి తెర కాసేపు నల్లగానే ఉంటుంది. కంగారుపడి బటన్ నొక్కి ఆర్పేయకండి, కొత్త మెమరీని పరీక్షించుకుంటోందంతే.

తెర దీని బలహీనత. ఇదే మోడల్‌లో 250, 300, 400 నిట్స్ (తెర వెలుగు కొలత) తెరలతో వేర్వేరు రకాలు అమ్మారు. 250 నిట్స్‌ది కిటికీ పక్కన కూర్చుంటే మసకే, రంగులు పాలిపోయి కనిపిస్తాయి. జర్మనీ శీతాకాలంలో ఇబ్బంది ఉండదు. జూన్‌లో సాయంత్రం తొమ్మిదైనా వెలుతురే ఉంటుంది, అప్పుడు తెలుస్తుంది. వెయ్యో రెండు వేలో తేడా ఉన్నా 400 నిట్స్‌దే తీసుకోండి. తెలుగు చదివేవాళ్లు స్కేలింగ్ 125 శాతం పెట్టుకుంటేనే ఒత్తులు స్పష్టంగా ఉంటాయి. కెమెరా 720పీ, సాయంత్రం దీపాల వెలుగులో మొహం మీద చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఇంటర్వ్యూలుంటే బయటి కెమెరా ఒకటి కొనక తప్పదు.

చార్జర్ 65 వాట్లు, యూఎస్‌బీ-సీ. 100 నుంచి 240 వోల్టుల దాకా ఎక్కడైనా పనిచేస్తుంది, కన్వర్టర్ అనేది కొననవసరం లేదు. మారాల్సింది గోడకు పెట్టే ప్లగ్ మాత్రమే. మన మూడు పిన్నుల ప్లగ్ జర్మన్ సాకెట్‌లో పట్టదు. చాలామంది ఎయిర్‌పోర్టులో యూనివర్సల్ అడాప్టర్ కొంటారు. వాటిలో చాలావాటికి ఎర్త్ ఉండదు. ఎర్త్ లేకుండా చార్జింగ్ పెడితే లోహపు భాగాల మీద, సీ పోర్టు అంచు మీద వేలు పెట్టినప్పుడు సన్నగా జివ్వుమంటుంది. ప్రమాదం కాదుగానీ చికాకు. ప్లగ్ ఉన్న తీగ చార్జర్ పెట్టె నుంచి విడిగా ఊడుతుంది కాబట్టి, దిగిన వారంలోనే జర్మన్ ప్లగ్ ఉన్న తీగ ఒక్కటి కొనుక్కుంటే సరిపోతుంది. అయిదారు యూరోల పని.

రెండు సీ పోర్టులూ ఎడమ పక్కనే ఉన్నాయి, దేనితోనైనా చార్జ్ అవుతుంది. ఆఫీసుల్లో ఒక్క తీగతో బొమ్మా, కరెంటూ ఇచ్చే మానిటర్లు మామూలైపోయాయి, వాటితో 4కే 60 హెర్ట్జ్‌లో ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మానిటర్ 65 వాట్లు ఇస్తుందో లేదో చూసుకోండి. 45 వాట్లే ఇస్తే, పని ఎక్కువైనప్పుడు బ్యాటరీ మెల్లగా దిగుతుంది. ఇంకోటి, ఏఎండీ రకంలో థండర్‌బోల్ట్ (సీ పోర్టు ఆకారంలోనే ఉండే వేరే రకం వేగవంతమైన కనెక్షన్) లేదు. థండర్‌బోల్ట్ 3 మాత్రమే తెలిసిన డాక్‌లు (ఒక్క తీగతో మానిటర్, ఇతర పరికరాలు కలిపే పెట్టెలు) దీనితో పనిచేయవు. పాత డాక్ కొనేముందు అది మామూలు యూఎస్‌బీ-సీతో నడుస్తుందో లేదో అడగండి. నెట్‌వర్క్ తీగ పెట్టే పోర్టు ఉండటం నాకు పెద్ద సౌకర్యం. హాస్టళ్లలో, కొత్త అద్దె ఇళ్లలో వైఫై కుదిరే దాకా తీగే దిక్కు.

బ్యాటరీ 50 వాట్-అవర్. విమానాల్లో చేతి సంచికి ఉన్న 100 పరిమితికి సగం. కొత్తలో మామూలు పనికి ఏడు గంటల దాకా వచ్చేది, ఇప్పుడు అయిదుకు కాస్త అటూ ఇటూ. ఎక్కువసేపు చార్జర్ మీదే వాడేవాళ్లు లెనోవో వాంటేజ్ యాప్‌లో చార్జింగ్ 75 శాతం దగ్గర మొదలై 80 దగ్గర ఆగేలా పెట్టుకోండి. ఎప్పుడూ నిండుగా వేడిలో ఉండే బ్యాటరీయే తొందరగా ఉబ్బుతుంది. నన్ను ఎక్కువ విసిగించింది నిద్ర. మూత మూసి సంచిలో పెడితే నిజంగా పడుకోదు, లోపల ఏదో చేస్తూనే ఉంటుంది. తీసేసరికి వేడిగా ఉంటుంది, బ్యాటరీ దిగి ఉంటుంది. బయోస్‌లో స్లీప్ స్టేట్‌ను లినక్స్‌కు మారిస్తే తగ్గుతుందంటారు, లినక్స్ వాడేవాళ్లకు అదే సరైన మార్గం. ఇప్పటికే విండోస్ ఎక్కించి ఉన్న మెషీన్‌లో అలా మారిస్తే సరిగా మేల్కోకపోవచ్చు. విండోస్‌లో మూత మూస్తే హైబర్నేట్ (పనిని డిస్కులో దాచి పూర్తిగా ఆరిపోవడం) అయ్యేలా పెట్టడమే నయం. తెరవడానికి పది పదిహేను సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

వారంటీ గురించి కొనే ముందే అడగాలి. థింక్‌ప్యాడ్ లాంటి బిజినెస్ వరుసలకు అంతర్జాతీయ వారంటీ ఉంటుంది. ఇంట్లో వాడకానికి అమ్మే చవక వరుసల్లో చాలాసార్లు కొన్న దేశంలోనే చెల్లుతుంది. సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొట్టి చూస్తే ఏ తేదీ దాకా ఉందో తెలుస్తుంది. ఒక్కోసారి ఆ తేదీ మీరు కొన్న రోజు నుంచి కాక, ఫ్యాక్టరీ నుంచి వెళ్లిన రోజు నుంచి లెక్కించి ఉంటుంది, దాన్ని సరిచేయించడానికి బిల్లు కావాలి. బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకుని స్కాన్ దాచుకోండి. యూరప్‌లో కొన్న వస్తువులకు అమ్మినవాడే రెండేళ్లు చట్టప్రకారం బాధ్యుడు. ఇండియాలో కొన్నదానికి ఆ హక్కు రాదు. మన దగ్గర కొనడంలో ఉన్న అసలైన నష్టం ఇదే, దాన్ని మూడేళ్ల వారంటీ తీసుకుని పూడ్చుకోవాలి.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో కంపెనీలు వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు చాలా తక్కువకు దొరుకుతాయి. మంచివీ ఉంటాయి. కొట్లోనే మూడు పరీక్షలు చేయండి. ఎఫ్1 నొక్కినప్పుడు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే వదిలేయండి, మదర్‌బోర్డు మారిస్తే తప్ప అది పోదు. విండోస్ రీసెట్ చేయించి, ఇంటర్నెట్ కలిపాక ఏదైనా కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుందేమో చూడండి. అడిగితే అది ఇంకా ఆ కంపెనీ పట్టులోనే ఉన్నట్టు. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీసి, తయారైనప్పటి సామర్థ్యంతో ఇప్పటి ఫుల్ చార్జ్ సామర్థ్యాన్ని పోల్చండి. 70 శాతం కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. దాన్ని వెళ్లేముందే మార్పించుకోండి, లిథియం బ్యాటరీని ఇంటి నుంచి పార్శిల్‌లో తెప్పించుకోవడం దాదాపు జరగని పని.

గేమింగ్ లాప్‌టాప్ కొందామనేవాళ్లు బరువు లెక్కేసుకోండి. లుఫ్తాన్సా ఎకానమీలో చేతి సంచి 8 కిలోలు, ఎయిరిండియాలో 7. రెండున్నర కిలోల మెషీన్, ముప్పావు కిలో చార్జర్ పెట్టాక సర్టిఫికెట్ల ఫైలుకే చోటు మిగలదు.

బయల్దేరే ముందు తప్పక చేయాల్సినవి రెండు. బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద ప్రింట్ తీసుకోండి. బయోస్ అప్‌డేట్ అయ్యాకో, బోర్డు మార్చాకో అది అడిగితే, అందులోని 48 అంకెలు లేకుండా మీ ఫైళ్లు ఎవరూ తెరవలేరు. రెండోది, మైక్రోసాఫ్ట్ ఖాతాకు ఇండియా ఫోన్ నంబరు ఒక్కటే పెట్టి ఉంటే ఇంకో ఈమెయిల్, ఆథెంటికేటర్ యాప్ కూడా జోడించండి. రీచార్జ్ మరిచిపోయి సిమ్ ఆగిందంటే ఓటీపీ రాదు.

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. ఇది విండోస్ 11కు అధికారికంగా అర్హమైనదే, సజావుగానే నడుస్తోంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు మాత్రం ఈ తరం వద్దు. ఏఎండీలో మూడు, నాలుగు తరాల్లో ర్యామ్ పూర్తిగా బోర్డుకే అతికించేశారు, అవి కొంటే మొదటే 32 జీబీతో కొనాలి. 2024లో వచ్చిన అయిదో తరంలో ర్యామ్‌కు రెండు స్లాట్లు ఇచ్చారు, బ్యాటరీ మార్చడం కూడా సులువు చేశారు. టీ14ఎస్ అని చివర ఎస్ ఉన్నది పలుచగా అందంగా ఉంటుంది గానీ అందులో ర్యామ్ స్లాట్ లేదు. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చేటప్పుడు ఆ ఒక్క అక్షరం చూసుకోండి.