గర్భసంచి ఆపరేషన్ తర్వాత ఆవిర్లు, రాత్రి చెమటలు: మజ్జిగా, మాత్రా, జెల్లా, ఏది మేలు?

పోయిన సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండుతున్నాం. నాకు గర్భసంచి తీసేసి అప్పటికి ఏడు వారాలు. బరువు ఎత్తొద్దన్నారు కాబట్టి పిండి కలపడం వదిన తీసుకుని, పాకం చూడటం నాకు వదిలింది. గిన్నెలో నీళ్లు పెట్టుకుని చుక్క చుక్క వేసి చూస్తున్నాను, సరిగ్గా ఉండ కట్టే సమయానికి ఛాతీ మధ్య నుంచి సెగ లేచింది. మెడ, చెంపలు, చెవులు, చూస్తుండగానే నడినెత్తి దాకా పాకింది. జాకెట్టు వీపంతా తడిసిపోయింది. పొయ్యి దగ్గర కూర్చున్నందుకేమో అనుకుని పెరట్లోకి వెళ్లి నిలబడ్డాను. మంచు ఇంకా విడవలేదు, అయినా చెమట కారుతూనే ఉంది, నాలుగైదు నిమిషాలకి ఆగింది, ఆగగానే వణుకు. పాకం ముదిరిపోయింది. వదిన ఏమీ అనలేదు, "వేడి చేసింది నీకు, మజ్జిగ తాగు" అంది.

ఆ మాట పట్టుకుని రెండు నెలలు మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పొద్దున్నే నానబెట్టిన మెంతులు, అన్నీ చేశాను. దాహం తీరింది. ఆవిర్లు మాత్రం రోజుకి పదీ పన్నెండు సార్లు వస్తూనే ఉన్నాయి, రాత్రి మూడు సార్లు లేచి నైటీ మార్చుకునేదాన్ని. అందుకే ఇది రాస్తున్నాను. నాలాగా నెలల తరబడి తప్పు దారిలో వెతక్కుండా, ఏది ఎవరికి పనికొస్తుందో పక్కపక్కన పెట్టి చూసుకుంటారని.

ముందు ఒక మాట. మనం "వేడి చేసింది" అనేది వేరు, ఇది వేరు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగం ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉంటుంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నన్నాళ్లూ వేడి కాస్త అటూ ఇటూ అయినా అది పట్టించుకోదు. ఆ హార్మోన్ పడిపోయాక కొంచెం తేడాకే ఒళ్లు కాగిపోతోందని పొరబడి, చర్మం కింద రక్తనాళాలు తెరిచి, చెమట పట్టించేస్తుంది. అలా పట్టిన చెమటకి ఒళ్లు నిజంగానే చల్లబడుతుంది, ఆ వణుకు అందుకే. కడుపులో వేడికి, కారానికి, మామిడిపండుకి దీనితో సంబంధం చాలా తక్కువ. కొందరికి కారం, వేడి వేడి కాఫీ ఒక ఆవిరిని రేపొచ్చు, అది వేరే సంగతి.

మందుల దాకా వెళ్లే ముందు మీ డిశ్చార్జి కాగితం తీయండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం అని నా గట్టి అభిప్రాయం. ఆపరేషన్ పేరు రాసిన చోట టీఏహెచ్ అనో, టీఎల్‌హెచ్ అనో ఉంటుంది, అది గర్భసంచి తీసిన పద్ధతి. దాని పక్కన బీఎస్ఓ అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని. నాకు 43 ఏళ్లు, ఫైబ్రాయిడ్ గడ్డల వల్ల రక్తస్రావం ఎక్కువై హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది, అందుకే ఆపరేషన్. అండాశయాలు కూడా తీస్తున్నామని నాకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టాను, నిజమే, నొప్పితో పడుకుని ఉన్నప్పుడు పెట్టాను. మూడు నెలల తర్వాత వేరే డాక్టరమ్మ ఆ కాగితం చూసి "మీకు ఓవరీస్ లేవు కదమ్మా, ఆవిర్లు రాకుండా ఎలా ఉంటాయి" అంటే అప్పుడు తెలిసింది. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఈ బాధ నా ఒక్కదానిది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మన ఊళ్లలో ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు ఉంటారు, ముప్పై అయిదేళ్లకే చేయించుకున్నవాళ్లూ ఉంటారు. వాళ్లలో ఎంతమందికి అండాశయాలు ఉన్నాయో లేవో తెలుసు?

తేడా ఏంటంటే, అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒకటి రెండు రోజుల్లోనే పడిపోతుంది. మామూలు మెనోపాజ్‌లో (వయసుతో నెలసరి ఆగిపోవడం) ఏళ్ల మీద జరిగేది ఇక్కడ ఆసుపత్రి మంచం మీదే జరిగిపోతుంది, అందుకే ఆవిర్లు అంత ఉధృతంగా ఉంటాయి. అండాశయాలు ఉంచితే వెంటనే రాకపోవచ్చు, కానీ అవి మామూలు కన్నా కొన్నేళ్లు ముందే పని ఆపేసే అవకాశం ఉంది. నెలసరి ఉండదు కాబట్టి ఆ సంగతి మనకి తెలియదు, ఆవిర్లే మొదటి గుర్తు కావచ్చు. అండాశయాలు పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి 45 లోపు వాళ్లకి ఎఫ్ఎస్‌హెచ్ రక్తపరీక్ష చేస్తారు.

చెమటలన్నీ హార్మోన్ చెమటలే అనుకోకండి. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో జ్వరంతో చెమట పడితే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రి చెమటలతో పాటు దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి.

ఇక అసలు బేరీజు.

మొదటిది, పోయిన ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని మందుగా తిరిగి ఇవ్వడం. హార్మోన్ అనగానే మనవాళ్లు "అమ్మో క్యాన్సర్" అంటారు. మా అత్తయ్య కూడా అదే అంది. ఆ భయానికి మూలం అమెరికాలో జరిగిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం. 2002లో అందులో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ కాస్త పెరిగిందని. అయితే అది ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్ లాంటి మందు) రెండూ కలిపి వాడినవాళ్లలో, అంటే గర్భసంచి ఉన్నవాళ్లలో. గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే పరీక్షించిన భాగం వేరే ఉంది. దాన్ని 2004లో ఆపారు, పక్షవాతం ముప్పు కొంచెం పెరిగిందని. రొమ్ము క్యాన్సర్ పెరగలేదు సరికదా, ఏళ్ల తరబడి చూస్తే ఆ మందు వాడినవాళ్లలో తక్కువగానే కనిపించింది. వాళ్లంతా 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు, మాత్ర మింగినవాళ్లు. ఇది తెలిశాక నా టెన్షన్ సగం తగ్గింది. ప్రొజెస్టిరాన్ ఇచ్చేది గర్భసంచి లోపలి పొరని కాపాడటానికి, ఆ పొర మనకి లేదు, కాబట్టి మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉండి ఆపరేషన్ అయినవాళ్లకి, గర్భాశయ ముఖద్వారం ఉంచేసినవాళ్లకి మాత్రం డాక్టర్ వేరేలా చూడొచ్చు, ఆ సంగతి అడగాలి.

ఆవిర్ల మీద పని చేయడంలో ఈస్ట్రోజెన్‌కి సాటి ఏదీ లేదు. ఆవిర్ల సంఖ్య సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గుతుంది. ఇంకో సంగతి, నాలాగా 45 లోపే అండాశయాలు పోయినవాళ్లకి ఇది ఆవిర్ల మందు మాత్రమే కాదు. ఎముకలు గుల్లబారకుండా, గుండెకి ముప్పు పెరగకుండా, ఒంట్లో ఉండాల్సింది ముందే పోయింది కాబట్టి తిరిగి ఇవ్వడం. మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా, అంటే దాదాపు 50 వరకు వాడమని చెప్పేది అందుకే.

అయితే మాత్రా, జెల్లా? నాకు మొదట ఎస్ట్రాడియోల్ వాలరేట్ అనే ఈస్ట్రోజెన్ మాత్ర రాస్తానన్నారు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, బీపీ మాత్రతో పాటు మింగేయొచ్చు. కానీ మింగిన మాత్ర ముందు కాలేయానికి వెళ్తుంది, అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలు పెరుగుతాయి, కాళ్లలో గడ్డలు కట్టే ముప్పు కొంచెం పెరుగుతుంది. చర్మం మీద రాసే జెల్, అంటించే ప్యాచ్ నేరుగా రక్తంలోకి వెళ్తాయి, మామూలు మోతాదులో ఆ ముప్పు పెరిగినట్టు కనపడలేదు. నాకు బీపీ ఉంది, బరువు ఎక్కువ, తలనొప్పి మైగ్రేన్ కూడా. అందుకని జెల్ వైపు మొగ్గాను. ఖర్చు ఎక్కువే. స్నానం చేసి ఒళ్లు పొడిగా తుడుచుకుని, కొలత ప్రకారం తీసి భుజం నుంచి మోచేతి దాకా పల్చగా రాస్తాను, ఆరేదాకా అయిదు నిమిషాలు చేయి దూరంగా పెట్టుకుని కూర్చుంటాను, చేతులు సబ్బుతో కడుక్కుంటాను. రొమ్ముల మీద రాయకూడదు. ఆరకముందు చిన్నపిల్లల్ని ఎత్తుకోకూడదు, వాళ్ల ఒంటికి అంటుతుంది, మా మనవడు చంకెక్కే వయసులో ఉన్నాడు కాబట్టి రాత్రి వాడు పడుకున్నాకే రాస్తున్నాను. మూడో వారానికి రాత్రి ఒక్కసారే లేచాను. రెండో నెలకి అదీ లేదు. బీపీ లేకుండా, సన్నగా, ఆరోగ్యంగా ఉండి ఖర్చు చూసుకోవాల్సిన మనిషైతే మాత్ర కూడా మంచిదే, ఏదీ వాడకుండా ఉండటం కన్నా చాలా మేలు.

టిబోలోన్ అనే, హార్మోన్‌లా పనిచేసే ఇంకో మాత్ర ఉంది, కొందరికి రాస్తారు. అరవై దాటినవాళ్లకి పక్షవాతం ముప్పు వల్ల అంత మంచిది కాదు.

హార్మోన్ అసలు వాడకూడనివాళ్లు ఉన్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో గడ్డలు కట్టినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కాలేయ జబ్బు ముదిరినవాళ్లు. వీళ్లకి హార్మోన్ లేని మందులే దారి. మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో ఉంటుంది, రొమ్ము క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే టామోక్సిఫెన్ వాడుతోంది. ఆమెకి వెన్లాఫాక్సిన్ ఇచ్చారు, మొదట 37.5 మిల్లీగ్రాములు, తర్వాత 75. నిజానికి ఇది డిప్రెషన్ మందు. "నాకు మనసు బాగాలేదనుకుంటున్నారా" అని అక్క బాధపడింది, ఆవిర్లకి వేరే కారణంతో ఇస్తారని డాక్టర్ వివరించాక ఊరుకుంది. మొదటి వారం వికారం, తర్వాత సర్దుకుంది, రెండు వారాల్లోనే తేడా తెలిసింది. హార్మోన్ అంత కాదు, సుమారు సగం తగ్గింది అంటుంది. దీన్ని ఒక్కసారిగా ఆపకూడదు, తల తిరుగుతుంది, బీపీ కూడా చూసుకుంటూ ఉండాలి. ఇదే రకంలో పరాక్సిటిన్‌కి అమెరికాలో 2013లో ఆవిర్ల కోసమే అనుమతి వచ్చింది, కానీ టామోక్సిఫెన్ వాడేవాళ్లకి అది పనికిరాదు, ఆ మందు పనిని అడ్డుకుంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

పగలు ఫర్వాలేదు, రాత్రి చెమటలతోనే చచ్చిపోతున్నాం అనేవాళ్లకి నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్ బాగుంటుంది, పడుకునే ముందు వేసుకుంటే నిద్ర కూడా పడుతుంది, పొద్దున్న కాస్త మత్తు. మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ కూడా చెమటల్ని తగ్గిస్తుంది, నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవయసు వాళ్లకి మతిమరుపు భయం. కొత్తది ఫెజోలినెటాంట్, మెదడులో ఆ వేడి మీటని నొక్కే నరాల మీదే నేరుగా పనిచేస్తుంది. అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉందని హెచ్చరిక పెట్టారు, వాడితే కాలేయ పరీక్షలు తప్పవు.

మరి అవిసె గింజలు, సోయా, మెంతులు? అవిసె గింజల్ని అమెరికాలో సరిగ్గా పరీక్షించారు, అవిసె లేని ఉత్తుత్తి తినుబండారం తిన్నవాళ్లకి ఎంత తగ్గిందో అవిసె తిన్నవాళ్లకీ అంతే తగ్గింది, తేడా రాలేదు. సోయా మీద ఫలితాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. పక్కింటి వదిన "నాకు తగ్గింది" అంటే అబద్ధం ఆడినట్టు కాదు, మందు లేని ఉత్తుత్తి బిళ్లకి కూడా ఆవిర్లు కొంత తగ్గుతాయని చాలా పరీక్షల్లో కనిపించింది, పైగా రోజులు గడిచేకొద్దీ వాటంతటవే తగ్గేవాళ్లూ ఉన్నారు. అవిసె పొడి అన్నంలో కలుపుకుని తినండి, మంచి తిండే, కానీ దాన్ని మందనుకుని అసలు మందు వాయిదా వేయకండి. ఏం కలిపారో రాయని పొట్లాల జోలికి అసలు వెళ్లొద్దు, కాలేయం దెబ్బతినొచ్చు.

పడక మార్పులు మందుకి ప్రత్యామ్నాయం కాదు గానీ రాత్రిని గట్టెక్కిస్తాయి. నేను మందపాటి రగ్గు తీసేసి రెండు పాత నూలు చీరలు కప్పుకుంటున్నాను, ఒకటి తోసేస్తే సరిపోతుంది. తలగడ మీద తువ్వాలు పరుస్తాను, పొడి నైటీ మంచం పక్క కుర్చీ మీదే ఉంటుంది, లైటు వేయకుండా మార్చుకుంటే మళ్లీ నిద్ర పడుతుంది. మా గుంటూరు ఉక్కపోతకి ఎయిర్ కూలర్ ఇంకా తేమ పెంచింది, ఫ్యానే నయం. బరువు అయిదు కిలోలు తగ్గాక కూడా కొంచెం తేడా తెలిసింది. ఆవిరి రాగానే కంగారు పడకుండా మనసుని మళ్లించే సీబీటీ అనే శిక్షణ ఉంది, ఆవిర్ల సంఖ్య తగ్గించదు, వాటి బాధ తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది, దొరికితే తీసుకోండి.

కాబట్టి నన్నడిగితే: 45 లోపు, అండాశయాలు లేవు, వద్దనే కారణం లేదు, అయితే హార్మోనే, వీలైతే జెల్. యాభైలలో ఉండి ఆవిర్లు భరించలేనంతగా ఉన్నా అదే, ముందు బీపీ, షుగర్, మామోగ్రామ్ చూపించుకుని. అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టడం అంత మంచిది కాదు. హార్మోన్ వాడకూడనివాళ్లకి పగలూ రాత్రీ ఆవిర్లుంటే వెన్లాఫాక్సిన్, రాత్రే ఎక్కువైతే గాబాపెంటిన్. ఇవేవీ మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కాదు. డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల చీటీ, వారం రోజులు ఆవిర్లు ఎన్నిసార్లు వచ్చాయో రాసుకున్న కాగితం పట్టుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, "ఈ వయసులో ఇవి మామూలే అమ్మా" అని పంపించేస్తే ఇంకో డాక్టర్‌ని చూడండి.

నన్ను 50 దాకా జెల్ వాడమన్నారు, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నారు. అప్పుడు కూడా ఒక్కసారిగా ఆపరట, కొలత తగ్గించుకుంటూ వస్తారట. నిన్న రాత్రి పదకొండుకి పడుకుని పొద్దున్న పాలవాడు గేటు కొట్టేదాకా లేవలేదు.