చెక్క ఆరబెట్టడానికి పాకా, సోలార్ గదా, ప్లాంటా?

కోనసీమలో శ్రావణమాసం వచ్చిందంటే తలుపులు బిగుసుకుపోతాయి, మాఘానికి మళ్లీ వదులవుతాయి. ఇక్కడ ఎవరూ దాన్ని పట్టించుకోరు. కానీ నేను చేసిన మామిడి చెక్క భోజనబల్ల హైదరాబాదులో ఏసీ గదికి వెళ్లి, రెండు నెలలకే పలకకూ పలకకూ మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు తెరిచింది. ఫొటో చూసి సిగ్గేసింది. ఆ చెక్క పాకలో ఏడాది ఆరింది మరి!

తప్పు నాదే. ఎన్నాళ్లు ఉంచినా చెక్క చుట్టూ ఉన్న గాలిని మించి ఆరదు. గాలిలో తేమ 75–80 శాతం ఉంటే చెక్కలో తేమ 14–16 శాతం దగ్గర ఆగిపోతుంది. మన డెల్టా గాలి ఏడాదిలో చాలా రోజులు అలాగే ఉంటుంది. ఏసీ గదిలో ఉండే సామానుకు 8–10 కావాలి.

అలాగని పాకను తీసిపారేయలేం. గుమ్మాలకు, వీధి తలుపులకు పాకలో ఆరిన చెక్క చాలు, అవి బతికేది ఈ గాలిలోనే కదా. ఖర్చు కూడా లేదు. పలకల వరుసల మధ్య అంగుళం మందం బద్దలు రెండడుగులకొకటి చొప్పున, పై వరుస బద్ద కింది బద్ద మీదే నిలువుగా పడేలా పేర్చాలి. పక్కకు జరిగితే పలక వంగిపోతుంది. కొనలకు పెయింటో మైనమో పూయకపోతే నెర్రెలు అక్కడే మొదలవుతాయి.

సోలార్ గది గుట్టు చాలా తేలిక. 32 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలిని 50 డిగ్రీలకు వేడిచేస్తే అందులో నీళ్లు చుక్క తగ్గకపోయినా తేమ శాతం 27కు పడిపోతుంది. గాలికి దాహం పెరుగుతుందన్నమాట. నాది పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు కప్పు, దక్షిణానికి వాలు, పైన ఎండకు తట్టుకునే పాలిథిన్, దాని కింద నల్లరంగు వేసిన రేకు. రెండు డీసీ ఫ్యాన్లు నేరుగా సోలార్ ప్యానెల్‌కే తగిలించాను, బ్యాటరీ లేదు. ఎండ ఉంటే తిరుగుతాయి, పొద్దుగూకితే ఆగుతాయి. ఆ ఆగడమే మేలు: రాత్రి గది చల్లబడి, పైపొరకు కాస్త తేమ తిరిగొచ్చి చెక్కలో బిగువు సడలుతుంది. చెక్కను మూసిన గదిలో యంత్రాల వేడితో ఆరబెట్టే ప్లాంటులో ఇదే పనికి ఆవిరి కొట్టాలి.

లెక్క కూడా చూడండి. 50 ఘనపుటడుగుల మామిడిని 40 శాతం నుంచి 10కి దించాలంటే సుమారు 200 కిలోల నీళ్లు పోవాలి, దానికి కరెంటు లెక్కలో 140 యూనిట్ల వేడి పడుతుంది. మంచి ఎండలో ఆ కప్పు మీద రోజుకు 45 యూనిట్లు పడితే మూడో వంతు పనికొస్తుందనుకోండి. పది రోజులని కాగితం చెబుతుంది, చివరి శాతాలు మొండికేస్తాయి గనక నేను మూడు వారాలు పెట్టుకుంటాను.

ఇక ప్లాంటు. వేగం దానిదే, వానాకాలంలో దిక్కూ అదే. పురుగు పట్టిన మామిడిని అక్కడికే పంపుతాను: చెక్క నడిమధ్య 56 డిగ్రీలు అరగంట నిలవాలి, నా గదిలో దానికి హామీ లేదు. కానీ ఒకసారి తొందరగా వండేసిన లోడు ఇచ్చారు. కోస్తుంటే రంపం వెనకాల సందు మూసుకుపోయి బ్లేడును పట్టేసింది. పైపొర గిడసబారి లోపల బిగువు ఉండిపోయిందన్నమాట.

తుఫాను హెచ్చరిక వస్తే సోలార్ గది పాలిథిన్ విప్పి చుట్టేయాలి, అదొక తలనొప్పి. ముసురు రోజుల్లో ఆ గదికి గాలి ఆడే తూములు మూసేసి ఆరిన చెక్కకు గోదాంలా వాడతాను.

ఒక్కటే ఎంచుకోమంటే ఎంచుకోను. చెక్కలో తేమ 25 శాతానికి దిగేదాకా పాక, అక్కణ్ణుంచి సోలార్ గది. కొలవడానికి పలక మధ్యలోంచి ముక్క కోసి తూస్తాను, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గదన్నదాకా ఉంచి మళ్లీ తూస్తాను. 640 గ్రాములది 500 అయితే పోయిన 140 గ్రాములను 500తో భాగించాలి, 28 శాతం. మా ఇంటి ఓవెన్‌లో కేకులకంటే చెక్కముక్కలే ఎక్కువ ఉడికాయని ఇంట్లో దెప్పుతుంటారు. పోయిన వారం తూచిన నిద్రగన్నేరు ముక్క 34 చూపించింది. ఆ పలకలు సంక్రాంతి దాకా పాకలోనే.