ఖరగ్‌పూర్ మైనింగా, ఉస్మానియా సీఎస్సీనా?

ఈ ఏడాది ఐఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో మా మేనల్లుడి వంతు. అక్క ఫోన్ చేసింది. "ఖరగ్‌పూర్ ఐఐటీలో మైనింగ్ వచ్చేలా ఉందిరా. ఎప్‌సెట్ ర్యాంకుకి ఉస్మానియాలో సీఎస్సీ, అదే కంప్యూటర్ సైన్స్, వస్తుందంటున్నారు. మీ బావేమో రెండూ వద్దు, లాంగ్ టర్మ్ పెట్టి బొంబాయి సీఎస్సీ కొట్టిద్దాం అంటారు. ఏది మేలంటావు?"

బావ మాట తేల్చడం తేలిక. ఐఐటీ ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్ వరుసగా రెండేళ్ళలో రెండే సార్లు రాయనిస్తారు. కాబట్టి లాంగ్ టర్మ్ అంటే ఆఖరి పాచిక. ఇంటర్ రెండేళ్ళూ తెల్లవారుజామునే స్టడీ అవర్‌కి లేచి, వారం వారం పరీక్షలు రాసిన పిల్లాణ్ణి మళ్ళీ అదే బెంచీ మీద కూర్చోబెట్టడం. ఒంట్లో బాగాలేక పరీక్ష పాడైందంటే ఆలోచించొచ్చు. చేతికందిన సీటు వదిలి పైమెట్టు కోసం ఏడాది పణంగా పెట్టడంలో పిల్లాడి చదువు కంటే బావ పరువే ఎక్కువుంది. అక్కకి ఈ మాట ఇంకోలా చెప్పాన్లెండి.

అసలు పోటీ మిగతా రెండింటికీ. ఒకవైపు పేరు, ఇంకోవైపు బ్రాంచి.

పేరు వల్ల సంపాదన పెరుగుతుందా అన్నదాన్ని అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు తెలివిగా తూచారు. 1976లో కాలేజీల్లో చేరినవాళ్ళను తీసుకున్నారు. ఒకే తరహా మార్కులుండి, ఒకే తరహా కాలేజీల్లో సీట్లు వచ్చినవాళ్ళలో కొందరు గొప్ప కాలేజీకి వెళ్ళారు, కొందరు వెళ్ళలేదు. ఏళ్ళ తర్వాత చూస్తే సంపాదనలో పెద్ద తేడా లేదు. జీతం తెచ్చింది గేటు మీది బోర్డు కాదు, ఆ సీటు తెచ్చుకున్న బుర్ర. కానీ 2002లో అచ్చయిన ఆ లెక్కలోనే ఒక మెలిక ఉంది. పేద ఇళ్ళ పిల్లలకు మాత్రం పేరున్న కాలేజీ నిజంగానే కలిసొచ్చింది.

2023లో రాజ్ చెట్టీ అనే ఆర్థికవేత్త బృందం హార్వర్డ్, ఎంఐటీ లాంటి పన్నెండు పేరున్న అమెరికా కాలేజీలను అక్కడి పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలతో పోల్చింది. సగటు సంపాదన దాదాపు అంతే. అయితే సంపాదనలో నూటికొక్కడుండే పైవరసకు చేరే అవకాశం సుమారు సగం మేర పెరిగింది. పేరుమోసిన సంస్థల్లో ఉద్యోగం దొరికే అవకాశం మూడింతలైంది. మామూలు మంచి బతుక్కి ఆ పేరు అక్కర్లేదు. కొండకొమ్మే కావాలంటే పనికొస్తుంది.

మన దగ్గర ఈ చర్చ రాగానే ఎవరో ఒకరు సత్య నాదెళ్ళ పేరెత్తుతారు. ఐఐటీ ప్రవేశ పరీక్ష దాటలేదు, మణిపాల్‌లో ఎలక్ట్రికల్ చదివారు, మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఇంకొకరు శంతను నారాయణ్ పేరు కలుపుతారు. ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివి అడోబీ అధిపతి అయ్యారు. రెండూ నిజమే. ఇద్దరూ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివారన్నదీ, నాదెళ్ళ తండ్రి యుగంధర్ ఐఏఎస్ అధికారి అన్నదీ మాత్రం ఎవరూ కలపరు. కాలేజీ ఇవ్వాల్సిన ఇంగ్లీషు, ధైర్యం, పెద్దవాళ్ళ ముందు కూర్చుని మాట్లాడే అలవాటు ఇంట్లోనో స్కూల్లోనో ముందే దొరికిన పిల్లలకి, కాలేజీ పేరు కొత్తగా ఇచ్చేది తక్కువ.

అందుకే సరిగ్గా ఇవే రెండు సీట్లు మా ఊళ్ళో కౌలు రైతు కూతురికొస్తే, కళ్ళు మూసుకుని ఖరగ్‌పూర్ వెళ్ళమంటాను. ఐఐటీ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. అయితే ఇంటి ఆదాయం లక్ష లోపుంటే మొత్తం మాఫీ, 5 లక్షల లోపుంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పూర్తిగా మాఫీ. ఆ అమ్మాయి రెజ్యూమె చూసేవాడికి ఆమె నాన్నెవరో తెలియదు, ఊరు తెలియదు, ఐఐటీ అన్న మూడక్షరాలు తెలుసు. తలుపు తీస్తాడు. పైగా గది పక్కన ఉండేవాళ్ళు ఏ పరీక్ష రాస్తున్నారు, ఏ ఇంటర్న్‌షిప్‌కి పెడుతున్నారు అన్నది చూస్తూనే సగం నేర్చుకుంటుంది. "ఆడపిల్ల, అంత దూరమా?" అంటారు. ఆ మాట వల్లే ఐఐటీల్లో అమ్మాయిలు మరీ తక్కువయ్యారని 2018 నుంచి వాళ్ళకోసం అదనపు సీట్లు పెట్టాల్సి వచ్చింది.

మా అక్క టీచరు, బావ బ్యాంకు మేనేజరు. మావాడు ఎనిమిదో తరగతి నుంచే కోడింగ్‌తో ఆడుకుంటున్నాడు. మైనింగ్ అంటే వాడికి కేజీఎఫ్ సినిమా. బ్రాంచి అక్కడికెళ్ళాక మార్చుకోవచ్చన్న ఆశ వద్దు, అది కొద్దిమందికే దక్కేది, కొన్ని ఐఐటీలు పూర్తిగా ఎత్తేశాయి కూడా. అదే కొత్తగూడెంలో సింగరేణి సైరన్ వింటూ పెరిగినవాడైతే లెక్క వేరు. వాడికి గని పరాయిది కాదు, మైనింగ్ వాడికి దొరికిన సీటు కాదు, కావలసిన సీటు.

ఇక సంతోషం సంగతి. అమెరికాలో సర్వేలు చేసే గాలప్ సంస్థ అక్కడి పర్డ్యూ విశ్వవిద్యాలయంతో కలిసి 2014లో సుమారు 30,000 మంది పట్టభద్రులను అడిగింది. కాలేజీ ఎంత గొప్పదన్నదానికీ, తర్వాత బతుకు ఎంత బాగుందన్నదానికీ పెద్దగా సంబంధం కనబడలేదు. తనను మనిషిగా పట్టించుకున్న మాస్టారు, చదువంటే ఉత్సాహం పుట్టించినవాళ్ళు, కలలకు వెన్నుతట్టినవాళ్ళు, ఈ ముగ్గురూ దొరికినవాళ్ళు పనిలో మనసుపెట్టే అవకాశం రెండింతలకు మించి ఉంది. ఆ ముగ్గురూ దొరికింది నూటికి 14 మందికే. ఇది ఏ ర్యాంకింగ్ పట్టికలోనూ ఉండదు, రెండుచోట్లా సీనియర్లకు ఫోన్ చేసి "సార్లకి మీ పేర్లు తెలుసా?" అని అడిగితేనే తెలుస్తుంది. మావాడితో అడిగించాను.

చివరికి ఉస్మానియా అన్నాను. ఎం.టెక్ ఐఐటీలోనే చెయ్యాలనిపిస్తే గేట్ పరీక్ష రాసుకుంటాడులే అని కూడా అన్నాను. అక్క కాసేపు మాట్లాడలేదు.

"అదంతా సరేరా," అంది. "మా అత్తగారి వైపు వాళ్ళకేం చెప్పను?"