నేతగాళ్ల నగరం ఆగ్స్‌బర్గ్: గైడ్‌తో ఒక పూట నడక

జర్మనీలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి మన నల్లగొండ నుంచి వెళ్లే తల్లిదండ్రులు మ్యూనిక్ చూసి సరిపెట్టుకోకుండా ఒక రోజు ఆగ్స్‌బర్గ్‌కు కేటాయించాలి. గట్టుప్పల్, పుట్టపాక, పోచంపల్లి వంటి ఊళ్లలో ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లయితే ఈ నగరాన్ని తప్పక చూడాలి. మా అబ్బాయి ఇంగ్లిషులో వివరించే గైడ్‌ను మాట్లాడాడు. ఆ నడకలో ఏది బాగుందో, ఏది కొరవడిందో ఇక్కడ రాస్తున్నాను.

క్రీస్తు పూర్వం 15లో రోమన్ల దండు విడిదిగా మొదలైన ఈ నగరానికి పేరు తెచ్చింది నేతే. అవిసె నార పడుగుగా, నూలు పేకగా ఇక్కడ నేసిన ముతక బట్ట యూరప్ అంతటా అమ్ముడుపోయేది. అందుకు కావలసిన పత్తి వెనిస్ రేవు మీదుగా వచ్చేది. 1367లో పల్లె నుంచి వలస వచ్చిన హాన్స్ ఫుగ్గర్ అనే నేతగాడి వంశంలోనే, రాజులకు అప్పులిచ్చేంతటి సంపన్నుడైన యాకోబ్ ఫుగ్గర్ పుట్టాడు. ఈ భాగాన్ని గైడ్ నేతగాళ్ల సంఘ భవనం ముందు నిలబెట్టి, ఓపికగా, చక్కగా చెప్పారు.

నడకలో అన్నిటికన్నా బాగున్నది ఫుగ్గరై. పేద కుటుంబాల కోసం యాకోబ్ 1521లో నెలకొల్పిన ఈ వాడలో నేటికీ జనం కాపురముంటున్నారు. ఏడాది అద్దె 88 యూరో సెంట్లు, అంటే పాత కాలపు ఒక గిల్డర్ నాణెం విలువ. దానితో పాటు దాత కుటుంబం కోసం రోజూ మూడు ప్రార్థనలు చేయాలన్న నియమం ఉంది. కింది అంతస్తుకూ పై అంతస్తుకూ వీధిలోకి వేర్వేరు తలుపులు ఉండడం వల్ల ఏ ఇంటి గుట్టు ఆ ఇంటిదే. తలుపుల పక్కనున్న ఇనుప గంట పిడులను దగ్గరగా చూడండి. ఒకటి ఆకు ఆకారంలో, మరొకటి దేవదారు కాయలా ఉంటాయి; వీధి దీపాలు లేని రోజుల్లో చీకట్లో చేత్తో తడిమి సొంత ఇల్లు గుర్తుపట్టడానికే ఇలా చేశారని చెబుతారు. 1944 బాంబుదాడిలో చాలా భాగం దెబ్బతిన్నా, వాడను తిరిగి కట్టుకున్నారు. సంగీతకారుడు మోజార్ట్ ముత్తాత, తాపీ పనివాడు, తన చివరి రోజులు గడిపింది ఇక్కడే.

నాకు అసంతృప్తి మిగిల్చినది 18వ శతాబ్దపు ఘట్టం. యోహాన్ హైన్‌రిష్ ష్యూలే అనే వర్తకుడు అద్దకం బట్టల కర్మాగారాన్ని రాజభవనంలా కట్టించి, మన దేశం నుంచి కంపెనీ ఓడల్లో వచ్చిన నూలు బట్ట మీద అచ్చులు వేయించి అమ్మాడు. బయటి బట్ట దిగుమతితో తమ మగ్గాలు మూలపడుతున్నాయని స్థానిక నేతగాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకుని, చివరికి 1794లో తిరగబడ్డారు. మిల్లు బట్ట దెబ్బ తిన్న మన చేనేత కుటుంబాలకు ఆ బాధ ఒకరు చెప్పాల్సిన పని లేదు; పైగా అక్కడి మగ్గాన్ని ఆపింది మన నేతగాడి చేతి పనే. ఇంతటి విషయాన్ని గైడ్ రెండు మాటల్లో దాటవేయడం సరికాదు. కాథలిక్కులకూ లూథరన్లకూ మధ్య కుదిరిన 1555 నాటి మత ఒప్పందాన్నీ, రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ ఇక్కడే తయారైన సంగతినీ క్లుప్తంగా చెప్పడంలో మాత్రం తప్పు లేదు.

రెండో లోపం, చివరి మజిలీ అయిన రాష్ట్ర వస్త్ర మ్యూజియానికి బొత్తిగా సమయం చాలకపోవడం. 1836లో స్థాపించిన ఉన్ని నూలు మిల్లు మూతపడ్డాక, ఆ భవనంలోనే 2010లో ఈ మ్యూజియం తెరిచారు. పాత మర మగ్గాలను నడిపి చూపిస్తారు. స్థానిక అద్దకం కర్మాగారం దాచిపెట్టిన నమూనా పుస్తకాల్లో పది లక్షలకు పైగా డిజైన్లున్నాయి. చిటికి కట్టి రంగులద్దే చేతులకు అవి గంటల కొద్దీ చూడదగ్గవి.

అందువల్ల గైడ్‌ను ఫుగ్గరై వరకే మాట్లాడుకుని, మధ్యాహ్నం నుంచి మ్యూజియానికి మీ అంతట మీరే వెళ్లండి. సోమవారం మ్యూజియానికి సెలవు కాబట్టి మరో రోజు ఎంచుకోండి.