దావా, దావత్, దువా: విజయవాడలో 12 ఆదివారాల మత అధ్యయనం కోర్సు మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా, 5కి 4 ఇస్తున్నా. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందో కింద వివరంగా రాశా, అది చదవకుండా జాయిన్ అవ్వొద్దు. సెంటర్ పేరు రాయట్లేదు, ఎందుకంటే వాళ్ళ తప్పొకటి కూడా చెప్తున్నా, దాన్ని వాళ్ళకి ఎదురుగా కూర్చుని చెప్పేశా, పేరు పెట్టి బజార్లో వెయ్యడం నాకిష్టం లేదు. గవర్నర్‌పేటలో ఆదివారం పూట మత అధ్యయనం క్లాసులు ఎవరు చెప్తున్నారని నాలుగు షాపుల్లో అడిగితే తెలిసిపోతుంది.

నేను గుంటూరులో హైస్కూల్ సోషల్ టీచర్‌ని. పుట్టింది నూర్‌బాషా ఇంట్లో, అంటే దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే, ఉర్దూ నాకు పెళ్ళిళ్ళలో వినపడే భాష అంతే. యూజీసీ నెట్‌లో, అంటే లెక్చరర్ అర్హత పరీక్షలో, కంపారిటివ్ స్టడీ ఆఫ్ రెలిజియన్స్ పేపర్ రాద్దామని రెండేళ్ళుగా అనుకుంటున్నా, పుస్తకాలు తెచ్చుకుని చదువుతుంటే అన్నీ ఇంగ్లీషే, ఎవరైనా తెలుగులో చెప్పేవాళ్ళుంటే బావుండని వెతుకుతుంటే మా స్కూల్లోనే ఇంకో టీచర్ ఈ కోర్సు గురించి చెప్పారు. మొత్తం 12 ఆదివారాలు, పదింటి నుంచి ఒంటిగంట వరకు, ఫీజు 4,500, స్పైరల్ బైండింగ్ నోట్స్ దాంట్లోనే. నాలుగు యూనిట్లున్నాయి, అందులో పెద్దది ఇస్లాం ప్రచారం, దాన్ని వాళ్ళు దావా యూనిట్ అంటారు. నా రివ్యూ అంతా దాని గురించే, మిగతా మూడూ ఓకే అనిపించాయి, మామూలు కోచింగ్ నోట్సులాగే ఉన్నాయి.

మొదటి క్లాసు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. సార్ వచ్చి ఏం మాట్లాడకుండా బోర్డు మీద మూడు మాటలు రాశారు. దావా, దావత్, దువా. "ఇందులో మీకు తెలిసినవి ఏవమ్మా?" అని అడిగారు. లాయర్ దగ్గర గుమాస్తాగా చేస్తున్న ఒకాయన లేచి దావా అంటే కోర్టులో వేసేది కదండీ, సివిల్ దావా అన్నాడు. దావత్ అంటే విందు అని అందరం అన్నాం. దువా నేను చెప్పా, మా నాయనమ్మ రోజూ చేతులెత్తి చేసేది కదా. అప్పుడు సార్ చెప్పారు, మూడూ ఒకే అరబీ ధాతువులోంచి వచ్చిన మాటలే అని, పిలవడం అనేది దాని అసలు అర్థం అని. ఇది నాదని పిలిచి అడిగితే కోర్టు దావా, ఇంటికి రమ్మని పిలిస్తే దావత్, దేవుణ్ణి పిలిస్తే దువా, దేవుడి వైపు రమ్మని మనుషుల్ని పిలిస్తే ఈ యూనిట్‌లో మనం చదివే దావా. కోర్టు దావాకీ దీనికీ అరబీలో చివర రాత వేరు, తెలుగులోకొచ్చేసరికి రెండూ ఒకేలా అయిపోయాయి. ముప్ఫై ఐదేళ్ళుగా నా నోట్లో ఉన్న మాటలివి, వీటికి చుట్టరికం ఉందని ఆరోజే తెలిసింది. ఈ ఒక్క గంట కోసమైనా డబ్బులు పెట్టొచ్చు, నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా.

తర్వాత ఖురాన్‌లో 16వ సూరా, అంటే అధ్యాయం, 125వ వాక్యం తీశారు. వివేకంతో, మంచి మాటతో నీ ప్రభువు మార్గం వైపు పిలువు, వాళ్ళతో మేలైన పద్ధతిలో వాదించు అని దాని భావం. అందులో పిలువు అన్న మాట కూడా ఆ ధాతువే. దాని పక్కనే 2వ సూరాలో ధర్మం విషయంలో బలవంతం లేదు అన్న 256వ వాక్యం పెట్టి, ఈ రెండిటినీ కలిపి చదివితే పిలిచేవాడికి ఎంతవరకు హక్కుంది, వినేవాడికి ఎంతవరకు హక్కుంది అని మమ్మల్ని రాయమన్నారు. నేను అరపేజీ రాశా, పక్కాయన మూడు పేజీలు రాశాడు, సార్ రెండూ చదివి వినిపించారు. అలా చదివించే టీచర్ దొరకడం అదృష్టం.

చరిత్ర భాగం బాగా బలంగా ఉంది. ప్రవక్త మక్కా నుంచి మదీనాకి వెళ్ళకముందే, 621 ప్రాంతంలో, ముస్అబ్ ఇబ్న్ ఉమైర్ అనే యువకుణ్ణి అక్కడివాళ్ళకి నేర్పడానికి పంపారు, అంటే దావాని ఒక పనిగా ఒక మనిషికి అప్పజెప్పడం అంత మొదట్లోనే ఉంది. ఈజిప్టుని ఏలిన ఫాతిమీల కాలంలో దాయీలని, అంటే పిలిచేవాళ్ళని, శిక్షణ ఇచ్చి ఊళ్ళకి పంపిన పద్ధతి ఉంది, షియా ముస్లింలలో ఒక శాఖైన దావూదీ బోహ్రాల పెద్దకి ఇవాళ్టికీ దాయీ అల్ ముత్లఖ్ అనే బిరుదు ఉన్నది అందుకే. అక్కణ్ణుంచి ఒక్క దూకు దూకి 1920లకి వచ్చారు, మధ్యలో సూఫీల గురించి ఒక్క క్లాసే, అది నాకు చాల్లేదు. 1920ల్లో ఉత్తరాదిలో ఒకపక్క వేరే మతాల్లోకి వెళ్ళినవాళ్ళని మళ్ళీ హిందువుల్లో కలుపుకునే ఆర్య సమాజం శుద్ధి ఉద్యమం, ఇంకోపక్క ఢిల్లీ దగ్గర మేవాత్‌లో మౌలానా ఇలియాస్ మొదలుపెట్టిన తబ్లీగీ జమాత్. చాలామంది తబ్లీగ్ అంటే వేరే మతస్తుల్ని మార్చే పని అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నా, కానీ వాళ్ళు ముఖ్యంగా తిరిగేది ముస్లింల ఇళ్ళ చుట్టూనే, నమాజుకి రమ్మని, కలిమా, అంటే విశ్వాస వాక్యం, సరిగ్గా నేర్చుకోమని. మా ఊళ్ళో చిన్నప్పుడు పెట్టె సర్దుకుని వచ్చి మసీదులో మూడ్రోజులుండి వెళ్ళేవాళ్ళెవరో నాకు ఇప్పటికి అర్థమైంది.

ఇక అసలు విషయానికి వస్తే, యూనివర్సిటీలో దీన్ని ఒక సబ్జెక్టుగా చెప్పొచ్చా లేదా అన్న ప్రశ్న మీద రెండు క్లాసులు నడిపారు, నేను ఈ కోర్సుకి వచ్చిందే దానికోసం. బయట దేశాల్లో ఇది కొత్తేం కాదు. కైరోలో అల్ అజహర్ యూనివర్సిటీకి దావా ఫాకల్టీ ఉంది, 1961లో మొదలైన మదీనా ఇస్లామిక్ యూనివర్సిటీలో దావా కాలేజీ ఉంది, ఇండోనేషియాలో ప్రభుత్వ ఇస్లామిక్ యూనివర్సిటీల్లో దావా, కమ్యూనికేషన్ రెండూ కలిపి ఒకే ఫాకల్టీ, అక్కడ పిల్లలు జర్నలిజం, బ్రాడ్‌కాస్టింగ్, కౌన్సెలింగ్ కూడా చదువుతారు. క్రైస్తవంలోనూ అంతే, కలకత్తాలో పనిచేసిన అలెగ్జాండర్ డఫ్ 1867లో ఎడిన్‌బరోలో సువార్త ప్రచార శాస్త్రానికి ప్రొఫెసర్ అయ్యాడు. మన అలీగఢ్ సంగతి అయితే నాకు భలే నచ్చింది, అక్కడ థియాలజీ ఫాకల్టీ వేరు, ఇస్లామిక్ స్టడీస్ డిపార్ట్‌మెంట్ వేరు, ఒకే క్యాంపస్‌లో నమ్మి చదివే చోటు ఒకటి, పరిశీలించి చదివే చోటు ఇంకొకటి. అదే అలీగఢ్ కాలేజీలో పాఠాలు చెప్తూ థామస్ ఆర్నాల్డ్ అనే ఇంగ్లీషాయన ఇస్లాం ఎక్కువగా కత్తితో కాదు, వ్యాపారులు, సూఫీల మాటతో పాకిందని 1896లో పుస్తకం రాశాడు. ఆయన ముస్లిం కాదు. అంటే దావాని చదవాలంటే దాయీ అవ్వక్కర్లేదు, ఇది నాకు చాలా పెద్ద విషయం.

చట్టం సంగతి గుమాస్తాగారి వల్ల ఇంకా బాగా సాగింది. రాజ్యాంగం 25వ అధికరణలో మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఉంది. ప్రచారం చేసే హక్కులో ఇంకొకర్ని మార్చే హక్కు లేదని 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కుదరదని 28వ అధికరణ. మతబోధ వేరు, మతాల గురించి చదువుకోవడం వేరు అన్నది 2002లో అరుణా రాయ్ కేసు తీర్పులో ఉంది. సార్ ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి, ఈ గీతకి ఇవతల నిలబడి సిలబస్ రాయండి అన్నారు. టీచర్ని కాబట్టి నాకు ఆ పని చేతికి అలవాటే, రాత్రి పదకొండు దాకా కూర్చుని రాశా.

ఇప్పుడు మార్కు ఎక్కడ పోయిందో చెప్తా. ఎనిమిదో ఆదివారం ఈ సార్ రాలేదు, ఇంకొకరు వచ్చారు. ఇవాళ ప్రాక్టికల్ అని ఇద్దరిద్దర్ని లేపి ఒకళ్ళు చెప్పేవాళ్ళు, ఒకళ్ళు వినేవాళ్ళు అన్నారు. అంతవరకు బానే ఉంది. మా క్లాసులో తెనాలి వైపు నుంచి వచ్చే ఒక క్రిస్టియన్ అమ్మాయి ఉంది, బీఏ ఫైనలియర్. ఆ అమ్మాయిని వినేవాళ్ళ వైపు నిలబెట్టి, చివర్లో ఒప్పుకున్నట్టు యాక్ట్ చెయ్యమ్మా అన్నారు. ఆ పిల్ల చేతిలో పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది, తీస్తోంది, పెడుతోంది, నోట్లోంచి మాట రావట్లేదు. రూమంతా సైలెంట్. నేను లేచి అన్నా, సార్, ఇది చదువు కాదండీ, ఈ అమ్మాయి 4,500 కట్టింది దావా గురించి తెలుసుకోడానికి, ఒప్పుకోడానికి కాదు, రేపు నన్ను ఒక చర్చిలో ఇలాగే నిలబెడితే నాకెలా ఉంటుంది అని. ఆయన చెడ్డమనిషేం కాదు, అలవాటైన పద్ధతిలో వెళ్ళిపోయారు, వెంటనే కూర్చోమన్నారు, కానీ ఆ అమ్మాయి బ్రేక్‌లో బ్యాగ్ సర్దుకుని వెళ్ళిపోయింది. నాకు ఆ రోజంతా మనసు బాలేదు.

తర్వాత వారం ఆఫీసులో కూర్చుని చెప్పా. సెంటర్ వాళ్ళు గొడవ పెట్టుకోలేదు, అది వాళ్ళ గొప్పతనం. ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పారు, తను మళ్ళీ వచ్చింది. ప్రాక్టికల్‌ని మార్చేశారు. ఒక తెలుగు కరపత్రం ఇచ్చి, ఇది ఎవరిని ఉద్దేశించి రాసింది, చదివేవాళ్ళకి ఏం తెలుసని అనుకుని రాసింది, ఏ మాట దగ్గర చదివేవాళ్ళు ఆగిపోతారు, ఇవి రాయమన్నారు. మొత్తం క్లాసులో బెస్ట్ ఆన్సర్ ఆ అమ్మాయిదే. కరపత్రంలో అల్లాహ్ అని ఒకచోట, దేవుడు అని ఒకచోట, ప్రభువు అని ఒకచోట ఉంటే, ప్రభువు అన్నచోట మా ఇంట్లోవాళ్ళకి యేసు ప్రభువే గుర్తొస్తాడు, కాబట్టి ఈ పేరా మాకు ఇంకోలా వినపడుతుంది అని రాసింది. ముప్ఫై మందిలో ఎవ్వరికీ తట్టలేదు అది. నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ ఒకే బెంచీ మీద కూర్చుంటేనే ఈ సబ్జెక్టు సబ్జెక్టులా ఉంటుందని నేను ఎందుకు గట్టిగా అంటున్నానో ఇక్కడ చూడండి.

రెండో లోపం, మన ప్రాంతం దాదాపు లేదు. కైరో ఉంది, మేవాత్ ఉంది, దక్షిణాఫ్రికా డర్బన్‌లో మత డిబేట్లు పెట్టిన అహ్మద్ దీదాత్ ఉన్నారు, గుంటూరు లేదు. అదేంటండీ, మత ప్రచారం అంటే ఏంటో మన గుంటూరుకి చెప్పాలా? 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ ఇక్కడికొచ్చాడు, 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది, ఏసీ కాలేజీ, కుగ్లర్ ఆస్పత్రి ఇప్పటికీ మన కళ్ళముందున్నాయి, ప్రచారం అంటే మాట ఒక్కటేనా, బడీ ఆస్పత్రీ కూడా అందులోవేనా అని అడగడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది. దానికంటే ముందు అమరావతి, బహుజనుల హితం కోసం తిరగండి భిక్షువులారా అన్న బుద్ధుడి మాట విన్నవాళ్ళు కట్టుకున్న స్తూపం. నాగార్జున యూనివర్సిటీలో మహాయాన బౌద్ధం మీద సెంటర్ ఉంది. ఇవన్నీ గంట ప్రయాణంలో ఉన్నాయి, ఒక్క ఫీల్డ్ విజిట్ లేదు.

తెలుగులో ఇస్లాం సంగతి మరీ అన్యాయం. ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారి పేరు నోట్స్‌లో ఒక్క లైనులో ఉంది. ముస్లిం కాని ఒక తెలుగు పండితుడు ఆ పని పెట్టుకున్నాడంటే దాని మీద ఒక క్లాసు అవసరం లేదా? మా దూదేకులవాళ్ళ ఊసే లేదు. మా నాయనమ్మకి అరబీ అక్షరం రాదు, నమాజు సూరాలు తెలుగు లిపిలో రాయించుకున్న కాగితం మడిచి తలకింద పెట్టుకునేది, పీర్ల పండక్కి నిప్పులగుండం దగ్గరికి అందర్నీ తీసుకెళ్ళేది, తర్వాత కాలంలో ఇంటికొచ్చిన ఆడవాళ్ళ ఇజ్తెమాలో, అంటే మత సమావేశంలో, అది చెయ్యకూడదని విని మానేసింది, మానేసి ఏడ్చింది కూడా. దావా ఒక ఇంట్లో ఏం చేస్తుందో, ఏం ఇస్తుందో ఏం తీసుకుంటుందో, అది మా ఇంట్లో నేను చూశా. అలాంటి మనుషులు సిలబస్‌లోకి రాకపోతే ఎలా? ఆడవాళ్ళ ఇజ్తెమాల గురించి మొత్తం నోట్స్‌లో ఒక్క పేరా కూడా లేదు. ఇది కూడా ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశా, చోటు చాలక వెనక్కి తిప్పి రాశా. వచ్చే బ్యాచ్‌కి తెలుగు ప్రాంతం మీద రెండు క్లాసులు కలుపుతాం, మీరే వచ్చి ఒకటి చెప్పండమ్మా అన్నారు సార్. సరే అన్నా, నాయనమ్మ కాగితం ఇంకా మా బీరువాలోనే ఉంది, తీసుకెళ్తా.

మిగతా విషయాలు. రూము రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. ఏప్రిల్ తర్వాత ఫ్యాన్లు సరిపోవు, నీళ్ళ బాటిల్ తెచ్చుకోండి. నోట్స్‌లో అరబీ పేర్ల స్పెల్లింగులు పేజీకొకలా ఉన్నాయి, పరీక్షకి చదివేవాళ్ళు సరిచూసుకోవాలి. నెట్ కోసం ఒక్క ఈ కోర్సే నమ్ముకోవద్దు, బిట్లు ప్రాక్టీస్ చేయించరు, ఆలోచించడం మాత్రం నేర్పిస్తారు. ఫీజు రెండు విడతల్లో కట్టొచ్చు, నాకు రసీదు ఇచ్చారు. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళు ఎనిమిదిన్నరకల్లా బస్సెక్కితే బస్టాండ్‌లో దిగి టీ తాగి కూడా టైముకి వెళ్ళొచ్చు. సార్ పదింటికి తలుపు వేసేస్తారు, బోర్డు మీద మొదటి మాట మిస్సయితే ఆ రోజు క్లాసు సగం పోయినట్టే.